జపాన్ కంపెనీలకు తెలకపల్లి పంచాయితి

తెలకపల్లి చుట్టుపక్కల ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం మానేస్తే మూడో రోజుకల్లా పెంటమ్మకు కబురు అందేది. ఆమె సర్పంచి కాదు, వార్డు మెంబరూ కాదు. రెండెకరాల చెలకలో ఆముదాలూ కందులూ పండించే రైతు ఇల్లాలు. వేలిముద్రే ఆమె సంతకం. అయినా కాపురానికొచ్చిన రెండో ఏట బోరింగు దగ్గర బిందెల కొట్లాట తీర్చిన నాటి నుంచి ఆ పని ఆమెకు అంటుకుంది.

అన్నదమ్ముల మధ్య ఒక్క మోటారు మిగిలితే, బేసి రోజులు అన్నకు, సరి రోజులు తమ్ముడికి అని పంచి, ముప్పయ్యొకటో తారీఖున మోటారుకు సెలవు ఇప్పించింది. లేకపోతే ముప్పయ్యొకటీ మర్నాటి ఒకటీ రెండూ బేసే కాబట్టి అన్నకు వరసగా రెండు రోజులు వస్తాయని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఉప్పునుంతలలో రెండు బ్యాండు మేళాలు ఒకే పెళ్ళికి వచ్చి పీకులాడుకుంటే, పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు వాయించాలని తేల్చింది. పెళ్ళికొడుకు ఇల్లరికం పోతున్నాడనీ, తిరిగి రాడనీ తర్వాత తెలిసింది. పెంటమ్మ వెనక్కి తగ్గలేదు. పెళ్ళికొడుకును ఊరి పొలిమేర దాటించి, మళ్ళీ ఊళ్ళోకి నడిపించి, రెండో మేళానికీ న్యాయం చేసింది.

ఎవరిది తప్పో ఆమె ఎప్పుడూ తేల్చేది కాదు. "తప్పు తేల్చుకుంట కూసుంటే పొద్దుగూకుతది. పొత్తు ఎట్ల కుదురుతదో చెప్పుండ్రి" అనేది.

రెండు వేల ఆరు జనవరిలో ఆమె కుడికంటికి పొర తీశారు. నాగర్‌కర్నూల్‌లో చెల్లెలి కొడుకు ఉపేందర్ ఇల్లు ఉంది కాబట్టి, రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయించుకోవడానికి అక్కడే ఉండిపోయింది. భర్త హన్మంతు ఆమెను దిగబెట్టి, ఆముదాలు కొట్టించాలని వెళ్ళిపోయాడు. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండరు. ఉపేందర్ భార్య తేజస్విని బడిపంతులమ్మ. అందుకని ఉపేందర్ పెద్దమ్మను తనతో పాటు దుకాణానికి తీసుకుపోయేవాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడకు చేరగిలి, ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది.

ఆ దుకాణం బస్టాండు దగ్గర. వీడియో గేముల దుకాణం. రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్లు. పక్క మడిగెలో శ్రవణ్ కుమార్‌ది కూడా గేముల దుకాణమే. అతను హైదరాబాదు నుంచి ఎక్స్‌బాక్స్ తెచ్చాడు. రెంటికీ నడుమ ఒక్కటే గోడ. మొదట ఉపేందర్ 'లక్ష్మీ వీడియో గేమ్స్' అని బోర్డు పెట్టాడు. శ్రవణ్ 'న్యూ లక్ష్మీ వీడియో గేమ్స్' అని పెట్టాడు. ఉపేందర్ తన బోర్డు మీద 'అసలైన' అని చేర్పించాడు. శ్రవణ్ 'అసలు సిసలైన' అని రాయించాడు. ఆపైన బోర్డులో జాగా లేక ఇద్దరూ ఆగారు.

ఉపేందర్ దగ్గరికి బస్సు కండక్టర్లు వచ్చేవాళ్ళు. డ్యూటీ దిగి కార్ల పందెం ఆడేవాళ్ళు. గెలిచినప్పుడల్లా "రైట్ రైట్!" అని గోడ అదిరేలా అరిచేవాళ్ళు. శ్రవణ్ దగ్గరికి ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు వచ్చేవాళ్ళు. వాళ్ళు గెలిస్తే డస్టరుతో గోడను కొట్టేవాళ్ళు. అందుకోసమే డస్టరు వెంట తెచ్చుకునేవాళ్ళు.

కళ్ళు మూసుకుని వారం రోజులు ఆ గోలంతా విన్న పెంటమ్మ ఒకరోజు అడిగింది. "పక్క మడిగెల ఎవరు రా?"

"శత్రువులు పెద్దమ్మా" అన్నాడు ఉపేందర్.

"పాలోళ్ళా?" అంది, దాయాదుల తగువేమోనని.

"కాదు. వాళ్ళది ఎక్స్‌బాక్సు, మనది ప్లేస్టేషను. మన సీడీ వాళ్ళ డబ్బాల నడువది. వాళ్ళ సీడీ మన డబ్బాల నడువది."

"ఎందుకు నడువది? రెండూ గుండ్రంగనే ఉన్నయి గద?"

ఉపేందర్ చేతిలోని సీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడే లోపలికొచ్చిన రాఘవేందర్ సారు నవ్వాడు. ఆయన ఫిజిక్స్ లెక్చరరు. అయినా రెండు దుకాణాలకూ వెళ్ళగలిగిన మనిషి ఆయనొక్కడే. ఎందుకంటే ఆయనది మూడో కంపెనీ. కోఠిలో పాతది కొనుక్కున్న చిన్న నింటెండో డబ్బా ఎప్పుడూ జేబులో ఉండేది. దానికి టీవీ అక్కరలేదు, శత్రువులూ అక్కరలేదు.

"అవ్వా, నువ్వన్నదే ఈ పత్రికల కూడా రాసిన్రు" అని ఆయన సంచిలోంచి ఒక ఇంగ్లీషు కంప్యూటర్ పత్రిక తీశాడు. "ఈ కంపెనీలు ఎన్నేండ్లని కొట్లాడుకుంటయి, ముందు ముందు పొత్తు పెట్టుకున్నా పెట్టుకోవచ్చు అంటుండ్రు."

పొత్తు అన్న మాట వినగానే పెంటమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"కుదిరిందా?"

"లేదవ్వా. ఉత్త ఊహనే. కుదరొచ్చు, కుదరకపోవచ్చు."

"నడుమ ఎవరున్నరు?"

"ఎవరు లేరు."

"నడుమ మనిషి లేకుంట పొత్తెట్ల కుదురుతది సారూ?" అంది పెంటమ్మ. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. లోకంలో అంత పెద్ద తగువు ఏళ్ళ తరబడి నడుస్తుంటే, పెద్దమనిషన్నవాడు ఒక్కడు లేకపోవడం ఆమెకు అన్యాయంగా తోచింది. "నాకు మొత్తం చెప్పు. ఎవరు పెద్దోళ్ళు, ఎవరు చిన్నోళ్ళు, ఎవరి ఇంట్ల ఏం పని చేస్తరు."

రాఘవేందర్ సారు తెలిసినంత చెప్పాడు. నింటెండో వాళ్ళు అందరికన్నా పాతవాళ్ళు. నూరేళ్ళ కిందట పేకముక్కలు చేసేవాళ్ళు.

"పేకలా?" పెంటమ్మ ముఖం చిట్లించింది. "సరే, ఇప్పుడు మానిన్రు గద. కానియ్."

సోనీ వాళ్ళు రేడియోలు, టీవీలు చేసేవాళ్ళు. మొట్టమొదట అన్నం వండే కుక్కరు చేసి చూశారట, అన్నం సరిగా కాలేదట.

"పాపం" అంది పెంటమ్మ.

మూడోది మైక్రోసాఫ్ట్, అమెరికా వాళ్ళు. వాళ్ళకు విండోస్ అనేదానితో పేరొచ్చింది. విండోస్ అంటే ఏందని ఆమె అడిగితే, ఆయన కిటికీలన్నాడు. ఆమె తల ఊపింది. వడ్రంగి పని చేసేవాళ్ళు ఎదిగి పెద్ద కంపెనీ పెట్టడంలో ఆశ్చర్యమేముంది? ఆనాటి నుంచి నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఆ మూడు కంపెనీలకూ పేకలోళ్ళు, రేడియోలోళ్ళు, కిటికీలోళ్ళు అనే పేర్లు స్థిరపడ్డాయి.

"ఇంకోటున్నది అవ్వా" అన్నాడు సారు. "పేకలోళ్ళు, రేడియోలోళ్ళు పదిహేనేండ్ల కింద కలిసి ఒక డబ్బా చేస్తమనుకున్నరు. నడుమలనే చెడింది. ఆ తర్వాతనే రేడియోలోళ్ళు సొంతంగ ప్లేస్టేషన్ తీసిన్రు."

పెంటమ్మ రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. "వరపూజ అయినంక చెడిన సంబంధమన్నట్టు! గట్ల చెడినయే మళ్ళ గట్టిగ కుదురుతయి. పంచాయితి పెడదాం."

"కంపెనీలోళ్ళు జపాన్ల ఉన్నరు పెద్దమ్మా" అన్నాడు ఉపేందర్.

"ఉంటే ఉండనీ. ఈడ వాళ్ళ మనుషులున్నరు గద. నువ్వు రేడియోలోళ్ళ దిక్కు. పక్కోడు కిటికీలోళ్ళ దిక్కు. సారు పేకలోళ్ళ దిక్కు."

పంచాయితి మంగళవారం పెట్టారు. చోటు ఎవరి పక్షమూ కాకూడదు కాబట్టి, ఎదురుగా ఉన్న మాసయ్య టైలరు కొట్టులో కూర్చున్నారు. మాసయ్య కుట్టుమిషన్ల మీది బట్టలన్నీ తీసి చాప పరిచాడు. కండక్టర్లు ఒక పక్క, లెక్చరర్లు ఒక పక్క. ఇద్దరు కండక్టర్లు డ్యూటీ సంచులతోనే వచ్చారు.

ఎవరు ముందు మాట్లాడాలన్న దగ్గరే గంట గడిచింది. వయసులో పేకలోళ్ళు పెద్ద కాబట్టి సారు మొదలుపెట్టాలన్నారు. ఆస్తిలో కిటికీలోళ్ళు పెద్ద అని శ్రవణ్ అడ్డుపడ్డాడు. ఎవరి డబ్బాలు నాగర్‌కర్నూల్‌లో ఎక్కువున్నాయో వాళ్ళే ముందని ఉపేందర్ లేచాడు. పెంటమ్మ నల్లద్దాల వెనక నుంచి ముగ్గురినీ విన్నది.

"ముగ్గురు ఒక్కసారే మాట్లాడుండ్రి" అంది.

ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "అయిపాయె. అందరి మాటా అయింది. ఇగ నేను చెప్త" అని ఆమె తీర్పు మొదలుపెట్టింది.

ఒక ఇంటి సీడీ మూడు ఇళ్ళ డబ్బాల్లోనూ ఆడాలి. రిమోట్ తీగ కొస అన్నిటికీ ఒకే తీరుగా ఉండాలి. ఎవరు కొత్త డబ్బా చేసినా మిగతా ఇద్దరికీ ముందుగా కబురు పెట్టాలి. మాట తప్పిన కంపెనీ నాగర్‌కర్నూల్‌కు ఒక పొట్టేలును దండుగ కింద ఇవ్వాలి.

"జపాన్ నుంచి పొట్టేలు ఎట్లొస్తదవ్వా?" అని అడిగాడు మాసయ్య.

"ఆడికెళ్ళి ఎందుకు? ఈడ్నే అంగట్ల తీసుకుంటరు."

కాగితం రాయడానికి ఈరన్నను పిలిచారు. ఆయన ముప్పయ్యేళ్ళుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు భూముల దస్తావేజులు రాసే మనిషి. అంతా విని, కళ్ళజోడు సవరించుకుని, "హద్దులు చెప్పుండ్రి" అన్నాడు.

"దీనికి హద్దులేంది ఈరన్నా? ఆటల ముచ్చట గద" అన్నాడు ఉపేందర్.

"హద్దులు లేని కాగితం నా చేత్తోని నేను రాయ. రేపు చెల్లకపోతే నా పేరు పోతది."

చివరికి రాఘవేందర్ సారు సర్ది చెప్పి హద్దులు చెప్పాడు. తూర్పున పసిఫిక్ సముద్రం, ఉత్తరాన రష్యా, పడమర చైనా, దక్షిణాన నాగర్‌కర్నూల్ బస్టాండు. ఈరన్న తృప్తిగా రాసుకున్నాడు. కింద పెంటమ్మ వేలిముద్ర, ముగ్గురు ప్రతినిధుల సంతకాలు, సాక్షులుగా ఏడుగురు కండక్టర్లు, ఆరుగురు లెక్చరర్లు.

దాన్ని తేజస్విని ఇంగ్లీషులోకి మార్చింది. పొట్టేలుకు 'ర్యామ్' అని రాసింది. డిక్షనరీలో అదే ఉంది. రాఘవేందర్ సారు ఆ మాట మీద వేలు పెట్టి, "కంప్యూటర్ లోపలి మెమరీని కూడ ర్యామ్ అనే అంటరమ్మా" అని గొణిగాడు గానీ, అప్పటికే మూడు ప్రతులు తయారయ్యాయి. డబ్బాల అడుగున ఉన్న అడ్రసులు చూసి, మూడు కవర్లు కట్టి, పోస్టాఫీసుకు పట్టుకుపోయారు. అక్కడి విజయమ్మ మూడు కవర్లూ తిరగేసి చూసింది.

"జపాన్కు రెండు, అమెరికాకు ఒకటా? ఏం పని పడ్డది పెంటమ్మా?"

"తగువు తీరుస్తున్న" అంది పెంటమ్మ.

పొత్తు కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. కంపెనీలు జవాబిచ్చే లోపల వాళ్ళ మనుషులు నాగర్‌కర్నూల్‌లో కలిసి చూపించాలి. ముందు మనం చేస్తేనే వాళ్ళకు నమ్మకం కలుగుతుందని పెంటమ్మ వాదన. ఉపేందర్, శ్రవణ్ ముందు మొహమాటపడ్డారు. ఆమె నల్లద్దాలు తీసి ఒక్క కంటితో ఇద్దరినీ చూసేసరికి ఒప్పుకున్నారు. నడుమ గోడకు దారి కొట్టించి, 'పొత్తు వీడియో గేమ్స్' అని ఒకే బోర్డు పెట్టారు. రేడియోలోళ్ళ డబ్బా, కిటికీలోళ్ళ డబ్బా పక్కపక్కనే కూర్చున్నాయి. పెంటమ్మ రెంటికీ కుంకుమ బొట్టు పెట్టి, సంతోషంగా తెలకపల్లి బస్సెక్కింది.

మే నెలలో రెండో కంటికి పొర తీయించుకోవడానికి తిరిగి వచ్చింది. ఆ నెల్లోనే జవాబు కూడా వచ్చింది, మూడింటిలో ఒక్క కంపెనీ నుంచి. ఏ కంపెనీయో పెంటమ్మ బతికినన్నాళ్ళూ బయటపెట్టలేదు. పెడితే మిగతా రెండిళ్ళ వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఆమె భయం. రాఘవేందర్ సారు చదివి చెప్పాడు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, బయటివాళ్ళ ప్రతిపాదనలు మేము తీసుకోము, మెమరీ వివరాల కోసం డబ్బాతో వచ్చిన పుస్తకం చూసుకోగలరు.

"పొట్టేలు సంగతి ఏమన్నరు?"

"పుస్తకంల చూసుకొమ్మన్నరు."

"కాదని అయితే అనలే గద" అంది పెంటమ్మ. కృతజ్ఞతలు చెప్పినవాళ్ళు సగం ఒప్పుకున్నట్టేనని ఆమె లెక్క.

కానీ పొర తీశాక వారం రోజులు కళ్ళు మూసుకుని దుకాణంలో కూర్చున్న ఆమెకు ఇంకో సంగతి చెవిన పడింది. చెవిన పడిందనడం కన్నా, ఏదీ చెవిన పడలేదనడం సరి. "రైట్ రైట్" లేదు. గోడ మీద డస్టరు దెబ్బ లేదు. లోపల అసలు మనుషులున్నారా అని అనుమానం వచ్చి, చేత్తో తడిమి చూసింది. ఒక కండక్టరు మోకాలు తగిలింది.

"ఆడుతలేరా బిడ్డా?"

"సారు ఆడుతడేమోనని చూస్తున్న అవ్వా."

"అయ్యో, లేదులేదు, మీరు కానియ్యుండ్రి. నేను మీ తర్వాత" అన్నాడు పక్కనున్న లెక్చరరు.

"మీరు పెద్దోళ్ళు సార్."

"మీరు డ్యూటీ చేసి అలసి వచ్చిన్రు."

అట్లా పావుగంట గడిచింది. డబ్బా ఆన్ కాలేదు. ఇద్దరూ ఒకరికొకరు చాయ్ తాగించుకుని, నమస్కారాలు పెట్టుకుని, ఇళ్ళకు పోయారు. రోజూ ఇదే తంతని ఉపేందర్ చెప్పాడు. మొదటి వారం అందరూ ఉత్సాహంగా వచ్చారట. గెలిచినవాడు ఓడినవాణ్ణి ఓదార్చడం మొదలుపెట్టాడట. తర్వాత ఓదార్చాల్సి వస్తుందని గెలవడం మానేశారట. ఒక పందెంలో రెండు కార్లూ గీత దగ్గర ఆగి, ముందు మీరంటే మీరని అరగంట నిలబడ్డాయట.

"మీరిద్దరన్న మంచిగున్నరా?" అని అడిగింది పెంటమ్మ.

శ్రవణ్ తల దించుకున్నాడు. "మంచిగనే ఉన్నం అవ్వా. గదే పరేషాన్ ఐతుంది. పొద్దున లేస్తే ఏం చెయ్యాల్నో తెల్వదు. ఎనకట అన్న ఏం తెచ్చిండో చూసి, అంతకన్న మంచిది తెద్దామని హైదరాబాద్ ఉరికెటోణ్ణి. ఇప్పుడు నేనెందుకు ఉరకాలె? అన్నదే నాది గద."

ఆ రోజు పెంటమ్మ అన్నం సరిగా తినలేదు. నలభై ఏళ్ళలో ఎన్నో తగువులు తీర్చింది. ఒక తగువు తీర్చినందుకు మనుషులు చిక్కిపోవడం ఎన్నడూ చూడలేదు. మోటారు దగ్గర నీళ్ళు ముఖ్యం, కొట్లాట అడ్డం. ఇక్కడ నీళ్ళేవో అడ్డమేదో ఆమెకు అంతు చిక్కలేదు. "నేనే చెడగొట్టిన్నేమో" అని తేజస్వినితో అంది. ఆమె నోట ఆ మాట తేజస్విని వినడం అదే మొదటిసారి.

మర్నాడు మాసయ్య కొట్టులో మళ్ళీ చాప పరిచారు. ఈసారి పెంటమ్మ కలపడానికి రాలేదు.

"వేరుపడుండ్రి" అంది. "గోడ కట్టుండ్రి. ముందుగాల ఒకరినొకరు నాలుగు మాటలనుండ్రి."

ఉపేందర్, శ్రవణ్ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు.

"అను బిడ్డా" అని శ్రవణ్‌ను కసిరింది.

"అన్నా... మీ టీవీ జర చిన్నగున్నది. ఏమనుకోకు" అన్నాడు శ్రవణ్.

"నిజమేరా తమ్మీ, చిన్నదే" అన్నాడు ఉపేందర్.

"అట్ల ఒప్పుకోవద్దు!" అని పెంటమ్మ నెత్తి కొట్టుకుంది. తగువు తీర్చే మనిషి తగువు నేర్పాల్సి వచ్చింది. ఆమె లేచి, చీర కొంగు నడుముకు చుట్టి, బోరింగు దగ్గర తన కొత్త కాపురం రోజుల్లో విన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా అందించింది. శ్రవణ్ వల్లె వేశాడు. మొదటి మాటకు ఉపేందర్ నవ్వాడు. రెండో మాటకు నవ్వు ఆపాడు. మూడోది అతని డబ్బా మీది దుమ్ము గురించి. ఉపేందర్ ముఖం ఎర్రబడింది.

"మా డబ్బాల దుమ్మా? నీ డబ్బా గీ బల్ల మీద పట్టదు, ఇటుకబట్టీ లెక్క!"

"పట్టకపోతే బల్ల మార్చుకో! ఆడరానోళ్ళకు చిన్న డబ్బా చాలు!"

వెనక నుంచి ఒక కండక్టరు "రైట్ రైట్!" అని అరిచాడు. ఎక్కణ్ణుంచో డస్టరు చప్పుడు వినబడింది. మాసయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సాయంత్రానికి ఇటుకలొచ్చాయి. దారి మూసేటప్పుడు చెరో వైపు నుంచి ఇద్దరూ ఎవరి గోడ నున్నగా ఉందో చూడమని మేస్త్రీని పీడించారు. వారం తిరగకముందే బోర్డులు మళ్ళీ వెలిశాయి. ఈసారి జాగా మిగిలేలా పెద్దవి చేయించారు.

పెంటమ్మకు ఒక్క పని మిగిలింది. కంపెనీలకు రాసిన మాట వెనక్కి తీసుకోవాలి. పొరపాటున వాళ్ళు కలిసిపోతే జపాన్‌లోనూ అమెరికాలోనూ ఎంతమంది ఇట్లా చిక్కిపోతారో అని ఆమెకు దిగులు పట్టుకుంది. తేజస్వినితో మూడు ఉత్తరాలు రాయించింది. "అయ్యలారా, మేము తొందరపడ్డము. మీరు కలవకుండ్రి. ఎవరి డబ్బా వాళ్ళు చేసుకోండ్రి. కొట్లాడుకుండ్రి, కాని నోరు మంచిగ పెట్టుకుండ్రి. పొట్టేలు వద్దు." ఇంగ్లీషులో తేజస్విని ఈసారి 'గోట్' అని రాసింది.

విజయమ్మ ముద్రలు కొడుతూ, "ఈసారి గూడ జవాబు వస్తదా?" అని అడిగింది.

"రాదు" అంది పెంటమ్మ. "పని చేసి చూపిస్తరు."

ఆ నవంబరులో రాఘవేందర్ సారు ఏదో పెళ్ళికి తెలకపల్లి వచ్చి, ఆమె ఇంటికి వెళ్ళాడు. పెంటమ్మ వాకిట్లో కందికాయలు ఆరబోస్తోంది. రేడియోలోళ్ళూ పేకలోళ్ళూ అమెరికాలో రెండే రెండు రోజుల తేడాతో కొత్త డబ్బాలు విడుదల చేశారని, ఒకరి సీడీ ఒకరి దాంట్లో ఇప్పటికీ నడవదని, కిటికీలోళ్ళు నిరుడే తమది తీసి వాళ్ళిద్దరితోనూ పోటీ పడుతున్నారని చెప్పాడు.

పెంటమ్మ చేతిలోని చాట కింద పెట్టింది.

"మూడు ఇండ్లు వేరువేరేనా?"

"వేరువేరే అవ్వా."

"చూసినవా సారూ, ఎంత పెద్దోళ్ళయినా మాట విన్నరు" అంది. లోపలికి తిరిగి హన్మంతును కేకేసింది. "ఇంటున్నవా? జపాన్లోళ్ళు మన కాగితం చదివిన్రంట. సారుకు మజ్జిగ తే."